ఇరవై ఎనిమిది మంది రైతులు, ఇరవై అరకలు

ఇంగ్లండ్ తూర్పు భాగంలో, పీటర్‌బరో పట్టణానికి కొద్ది మైళ్ల దూరంలో, నీన్ నది ఒడ్డున ఎల్టన్ అనే ఊరు ఉంది. 1086లో రాజు తన రాజ్యంలోని భూమి లెక్కలన్నీ రాయించినప్పుడు, డూమ్స్‌డే అనే ఆ పుస్తకంలో ఈ ఊరికి దక్కినవి నాలుగైదు పంక్తులు. అందులో ఉన్న సంగతులు ఇవి. ఈ ఊళ్లో రామ్‌సే మఠాధిపతికి పన్ను లెక్కకు వచ్చే భూమి 10 హైడ్లు. అది కాక, 4 అరకలు దున్నేంత కమతం భూమి ఉంది. ఆ కమతంలో ఇప్పుడు 4 అరకలు నడుస్తున్నాయి. 28 మంది విల్లాన్లు ఉన్నారు, వాళ్లకు 20 అరకలు ఉన్నాయి. ఒక చర్చి, ఒక పూజారి. రెండు పిండిమరలు, వాటి మీద ఏడాదికి 40 షిల్లింగులు. 170 ఎకరాల గడ్డినేల. ఎడ్వర్డ్ రాజు కాలంలో, అంటే 1066కు ముందు, ఊరి విలువ 14 పౌన్లు, ఇప్పుడు 16 పౌన్లు.

ఇంతే. ఊళ్లో ఎవరి పేరూ లేదు. ఆడవాళ్లు లేరు, పిల్లలు లేరు. ఇళ్లు ఎలా ఉండేవో, ఏం తినేవారో, ఏ పంట వేసేవారో ఒక్క మాట లేదు. అయినా చరిత్రకారులు ఇలాంటి పద్దుల చుట్టూనే తిరుగుతున్నారు. కారణం ఉంది. ఆ కాలంలో యూరప్ మొత్తం మీద మరే రాజ్యానికీ తన పల్లెల గురించి ఇంత విస్తారమైన లెక్క లేదు. 13,000కు పైగా ఊళ్లు, దాదాపు 2,69,000 మంది మనుషులు ఇందులో పద్దుకెక్కారు. ఈ కొద్ది పంక్తులను ఎలా చదవాలో తెలిస్తే, ఆ అంకెల వెనక నుంచి ఒక ఊరు నెమ్మదిగా బయటికి వస్తుంది. అందుకు ప్రతి అంకె దగ్గరా ఆగి, దీన్ని ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అని ప్రశ్నించుకుంటూ పోవాలి.

ముందు అడిగినవాడి సంగతి చూద్దాం. 1066లో నార్మండీ డ్యూక్ విలియం సముద్రం దాటి వచ్చి హేస్టింగ్స్ దగ్గర అప్పటి రాజు హెరాల్డ్‌ను ఓడించి ఇంగ్లండ్ రాజయ్యాడు. తర్వాతి ఇరవై ఏళ్లలో పాత ఇంగ్లిష్ దొరల భూములు దాదాపు అన్నీ అతని వెంట వచ్చిన నార్మన్ల చేతికి పోయాయి. రాజు దగ్గర నేరుగా భూమి పొందిన పెద్ద దొరల్లో ఇంగ్లిష్ వాళ్లంటూ చెప్పుకోదగ్గవారు 1086 నాటికి ఇద్దరే మిగిలారు. ఇంత పెద్ద చేతిమార్పిడిలో ఎవరి భూమి ఎంత, ఎవరిది ఎవరు లాక్కున్నారు, దాని మీద రాజుకు రావాల్సింది ఎంత అన్నవి తేలని ప్రశ్నలుగా మిగిలిపోయాయి. 1085లో డెన్మార్క్ రాజు దండెత్తి వస్తాడన్న భయం పుట్టింది. విలియం పెద్ద కిరాయి సైన్యాన్ని తెచ్చి దేశమంతటా దొరల ఇళ్లపై భారం వేసి పోషించాడు. ఆ ఏడాది క్రిస్మస్‌కు గ్లోస్టర్‌లో కొలువు తీరి, సలహాదారులతో లోతుగా చర్చించి, దేశమంతా మనుషులను పంపి భూమి లెక్క తీయించాలని నిర్ణయించాడు.

ఆనాటి ఇంగ్లిష్ వృత్తాంతకారుడు ఒకాయన ఈ పని గురించి కోపంతో రాశాడు. ఒక్క ఎద్దు, ఒక్క ఆవు, ఒక్క పంది కూడా రాజు లెక్క తప్పించుకోలేదని, చెప్పుకోవడానికే సిగ్గుచేటని ఆయన బాధ. తమ ఇంటి గొడ్డును పరాయి దొర గుమాస్తా లెక్కపెడుతుంటే కలిగే అవమానం అందులో ఉంది. నాకు ఆ కోపం చాలా విలువైనదనిపిస్తుంది. ఎందుకంటే లెక్క రాసినవాళ్ల మాట మనకు కుప్పలుగా మిగిలింది కానీ, లెక్కలోకి ఎక్కినవాళ్ల వైపు నుంచి వినబడే గొంతులు చాలా తక్కువ.

పని జరిగిన తీరు మాత్రం ఆశ్చర్యం కలిగిస్తుంది. దేశాన్ని ఏడు భాగాలు చేశారని చరిత్రకారుల అంచనా. ఒక్కో భాగానికి రాజు అధికారుల బృందం వెళ్లింది. అప్పటికే ఉన్న పన్ను జాబితాలు, దొరలు స్వయంగా రాసి ఇచ్చిన వివరాలు ముందు పెట్టుకుని సభలు జరిపారు. జిల్లా లాంటి షైర్ సభకు, దాని కింద తాలూకా లాంటి హండ్రెడ్ సభకు ప్రజలను పిలిపించారు. ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే జ్యూరీలో, మనకు పేర్లు మిగిలిన కేంబ్రిడ్జ్‌షైర్ ప్రాంతంలో, సగం మంది ఫ్రెంచివాళ్లు, సగం మంది ఇంగ్లిష్‌వాళ్లు. వాళ్లతో పాటు ఒక్కో ఊరి నుంచి పూజారి, రీవ్ అనే ఊరి పెద్ద, ఆరుగురు రైతులు కూడా హాజరు కావాలి. మొదటి బృందం రాసింది సరిగా ఉందో లేదో చూడడానికి, ఆ ప్రాంతంతో పరిచయం లేని మరో బృందాన్ని పంపారని హెర్‌ఫర్డ్ బిషప్ రాబర్ట్ రాశాడు.

అడిగిన ప్రశ్నలు కూడా మనకు తెలుసు. ఈలీ మఠం భూముల విచారణ కాగితంలో ఆ జాబితా మిగిలింది. ఊరి పేరేమిటి, ఎడ్వర్డ్ రాజు నాడు ఎవరి కింద ఉండేది, ఇప్పుడు ఎవరి కింద ఉంది, ఎన్ని హైడ్లు, కమతంలో అరకలు ఎన్ని, రైతులకు ఎన్ని, విల్లాన్లు ఎందరు, గుడిసెవాసులు ఎందరు, బానిసలు ఎందరు, స్వతంత్రులు ఎందరు, అడవి ఎంత, గడ్డినేల ఎంత, మరలు ఎన్ని, చేపల పట్లు ఎన్ని, అప్పుడు విలువెంత, ఇప్పుడు విలువెంత. ఇవన్నీ మూడు కాలాలకు చెప్పాలి: ఎడ్వర్డ్ నాడు, విలియం ఆ భూమిని ఇచ్చిన నాడు, ఈనాడు. చివరి ప్రశ్నతో అసలు సంగతి తేటతెల్లమవుతుంది. ఇప్పుడు వస్తున్నదానికంటే ఇంకా ఎక్కువ రాబట్టవచ్చా?

ఆ చివరి ప్రశ్నను మనసులో పెట్టుకుని మళ్లీ ఎల్టన్ పద్దులోకి వెళ్దాం.

పది హైడ్లు. హైడ్ అంటే ఒక కుటుంబానికి సరిపోయే భూమి అని పాత ఇంగ్లిష్ లెక్క. మామూలుగా 120 ఎకరాలని చెబుతారు. కానీ 1086 నాటికి అది నేలను కొలిచే కొలత కంటే పన్ను వేసే కొలత. గెల్డ్ అనే భూమి పన్నును హైడ్‌కు ఇన్ని పెన్నీలని వేసేవారు. అందుచేత ఒక ఊరికి పది హైడ్లు అంటే, ఆ ఊరు పది హైడ్ల వంతు పన్ను కట్టాలి అని అర్థం. చెల్లుబడి ఉన్న దొర తన ఊరి హైడ్లను తగ్గించుకోగలిగేవాడు. అలాంటి ఊళ్లు పుస్తకంలో చాలా కనిపిస్తాయి.

తర్వాత వచ్చేది కమతం. జమీందారు సొంతంగా సాగు చేయించుకునే భూమిని మన పల్లెల్లో కమతం అన్నట్టే, ఇక్కడ మఠాధిపతి కౌలుకు ఇవ్వకుండా తన సాగులో ఉంచుకున్న నేల ఇది. పద్దులో ఇది పది హైడ్లకు వెలుపల అని ప్రత్యేకంగా రాశారు. అంటే రైతుల భూమి పన్ను లెక్కలో ఉంది, మఠం సొంత సాగు ఆ లెక్కలో లేదు. కమతం పండించే గింజ నేరుగా మఠం గాదెలోకి పోతుంది. పన్ను భారం రైతుల భూమి మీద ఉంటుంది. ఒకే వాక్యంలో ఈ తేడా అంతా ఇమిడిపోయింది.

అరక దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఈ పద్దుకు గుండెకాయ అదే. మన అరకకు రెండు ఎడ్లు చాలు. ఆ దేశపు బరువైన బంకమట్టి నేలకు ఇనుప కర్రు, మట్టిని తిరగవేసే పలక ఉన్న భారీ నాగలి వాడేవారు. దాన్ని లాగడానికి ఎనిమిది ఎడ్లు కావాలి. పుస్తకం లెక్కలో అరక అంటే ఎనిమిది ఎడ్ల కట్టు. అయితే ఎల్టన్ రైతుల 20 అరకలంటే 160 ఎడ్లు. కమతంవి 32. మొత్తం 192 ఎడ్లు. 28 మంది రైతులకు 160 ఎడ్లు అంటే సగటున ఇంటికి ఐదారు. ఒక్కడి దగ్గరే ఎనిమిది ఎడ్లు పూర్తిగా ఉండడం చాలామందికి సాధ్యం కాదు. కాబట్టి నీ మూడు, నా అయిదు కలిపి నాగలి కట్టుకోవాల్సిందే. ఎవరి చేను ముందు దున్నాలి, వాన పడితే ఎవరి వంతు పోతుంది, ఒకడి ఎద్దు కుంటిదైతే ఏం చేయాలి వంటివన్నీ ఇరుగుపొరుగు కూర్చుని తేల్చుకోవాల్సిన విషయాలు. ఆ ప్రాంతపు ఊళ్లలో పొలాలు పెద్ద పెద్ద గట్లులేని బయళ్లుగా ఉండి, ఒక్కో రైతుకు వాటిలో అక్కడొక చీలిక, ఇక్కడొక చీలికగా పొడవాటి చాళ్లు దక్కడానికి ఈ ఉమ్మడి దున్నకం కూడా ఒక కారణమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఎనిమిది ఎడ్ల కట్టును మాటిమాటికీ తిప్పడం కష్టం, అందుకే చేలు పొడవుగా, సన్నగా ఉండేవి. 20 అనే అంకె వెనక ఇంత బతుకు ఉంది.

ఎడ్లను ఇంత శ్రద్ధగా లెక్కపెట్టింది ఎందుకో కూడా ఆలోచించాలి. ఎకరాల సంగతి అబద్ధం చెప్పవచ్చు. నేలనంతా కొలిచి చూసే వీలు అధికారులకు లేదు. అరకలను మాత్రం ఊరంతా చూస్తుంది, దాచడం కష్టం. ఎన్ని అరకలు నడిస్తే అంత పంట, అంత పంటకు అంత రాబడి. అందుకని ఊరి సత్తాను కొలవడానికి ఎడ్లే గజంబద్ద అయ్యాయి.

ఇక 28 మంది. విల్లాన్లు అంటే ఊరి రైతులు. బానిసలు కారు, సొంత ఎడ్లు ఉన్నవాళ్లు. పూర్తి స్వతంత్రులూ కారు. దొర కమతంలో పని చేయాలి, దొరకు కానుకలు ఇవ్వాలి. ఈ 28 ఇంటి పెద్దల లెక్క. ఇంటికి అయిదుగురు చొప్పున వేసుకుంటే 140 మంది. భర్త పోయి సాగు చేసుకుంటున్న విధవరాలు ఉందో లేదో, గుడిసెల్లో ఉండి కూలికి పోయేవాళ్లు ఉన్నారో లేదో పద్దు చెప్పదు. దేశం మొత్తం మీద పుస్తకంలోకెక్కిన మనుషుల్లో పదో వంతు బానిసలు. ఎల్టన్ పద్దులో వాళ్ల మాట లేదు. అయితే ఎనిమిదేసి ఎడ్ల నాలుగు కమతం అరకలను ఎవరు తోలారు? వేరే చోట్ల కమతం అరకలు తోలేది బానిసలే, లేదా వాళ్ల స్థానంలోకి వచ్చిన జీతగాళ్లే. ఇక్కడ లేనివాళ్లు నిజంగా లేరా, లేక గుమాస్తా రాయలేదా అన్నది పద్దును బట్టి తేల్చలేం. ఎల్టన్ ఉన్న భాగపు లెక్క మనకు కుదించిన రూపంలోనే మిగిలింది. నార్‌ఫోక్, సఫోక్, ఎసెక్స్ షైర్ల లెక్క వేరే సంపుటంగా మిగిలింది. దాన్ని చిన్న డూమ్స్‌డే అంటారు. అందులో గొర్రెలు, పందులు, మేకలు, తేనెపెట్టెలు కూడా ఉన్నాయి. ఎల్టన్ లెక్క కూడా అంత వివరంగా మిగిలి ఉంటే ఆ ఊరి దొడ్లో ఏముందో కూడా చూసి ఉండేవాళ్లం. వృత్తాంతకారుడు తిట్టిన ఆ పందుల లెక్క ఎల్టన్‌కు మిగల్లేదు.

గడ్డినేల 170 ఎకరాలు. అడవి లేదు, మేత బయళ్ల మాట లేదు, గడ్డినేల మాత్రం ఉంది. నీన్ నది పొర్లి పారే తడి నేల అది. చలికాలం ఎడ్లను బతికించేది ఎండుగడ్డి. 192 ఎడ్లున్న ఊరికి ఆ గడ్డి లేకపోతే వసంతంలో నాగలి కదలదు. అందుకే అక్కడ గడ్డినేల ధర దున్నే నేల కంటే ఎక్కువ పలికేది.

రెండు పిండిమరలు, 40 షిల్లింగులు. ఇవి నీటితో తిరిగే మరలు. గాలిమరలు ఇంగ్లండ్‌కు ఇంకో వంద ఏళ్ల దాకా రాలేదు. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. చేతిలో పట్టుకునే నాణెం మాత్రం ఒక్క వెండి పెన్నీయే, మిగతావన్నీ కాగితం మీది లెక్కలు. అంటే ఆ మరలు ఏడాదికి 480 వెండి నాణేలు తెచ్చిపెట్టేవి. ఊరి మొత్తం విలువ 16 పౌన్లు, అందులో ఎనిమిదో వంతు ఈ రెండు మరలదే. దేశంలో దాదాపు 6,000 మరలు పుస్తకంలో ఉన్నాయి. ఇంత రాబడి ఎలా వచ్చిందంటే, తర్వాతి కాలపు పత్రాలు చెబుతాయి. రైతు తన గింజలు దొర మరలోనే ఆడించుకోవాలి, ఆడించినందుకు అందులో కొంత వదులుకోవాలి. ఇంట్లో తిరగలి పెట్టుకుంటే జుర్మానా.

విలువ 14 నుంచి 16 పౌన్లకు పెరిగింది. ఇక్కడ విలువ అంటే అమ్మకం ధర అనుకోకూడదు. దొరకు ఏటా వచ్చే రాబడి. ఈ పెరుగుదల చిన్న సంగతి కాదు. యార్క్‌షైర్ పద్దులు తిరగేస్తే ఊరు తర్వాత ఊరు పాడుపడింది అని రాసి ఉంటుంది. 1069-70 చలికాలంలో తిరుగుబాటు అణచడానికి విలియం సైన్యం ఉత్తర దేశాన్ని కాల్చి, పంటలు నాశనం చేసి, జనాన్ని ఆకలికి వదిలేసిన ఫలితం పదహారేళ్ల తర్వాత కూడా ఆ పేజీల్లో కనబడుతుంది. ఎల్టన్‌కు ఆ గతి పట్టలేదు. దొర మారకపోవడం ఒక కారణం కావచ్చు. 1066కు ముందూ మఠమే, తర్వాతా మఠమే.

మఠానికి ఈ ఊరు ఎలా వచ్చిందో రామ్‌సే సన్యాసులు తమ వృత్తాంతంలో రాసుకున్నారు. క్నూట్ రాజు రోజుల్లో ఎల్టన్ ఒక డేన్ దొర చేతిలో ఉండేదట. ఏథరిక్ అనే బిషప్ ఆయనకు విందులో బాగా తాగించి, 50 బంగారు మార్కులు తెల్లారేలోగా తెచ్చిస్తే ఊరు నీదే అనిపించుకున్నాడట. రాత్రికి రాత్రే రాజు దగ్గరికి పరుగెత్తి బంగారం అప్పు తెచ్చి, ఊరు కొని మఠానికి రాసిచ్చాడట. కథలో ఎంత నిజమో కానీ, సన్యాసులు దాన్ని దాచుకోకుండా గర్వంగా చెప్పుకోవడం నిజం. ఆ రాత్రి బేరంలో ఊళ్లో ఉన్న రైతులూ భూమితో పాటే చేతులు మారారు. వాళ్లను అడిగిన దాఖలా కథలో కూడా లేదు.

పద్దు చెప్పే మరో సంగతి రాజకీయమైంది. ఎడ్వర్డ్ రాజు కాలంలో అంటారు గానీ హెరాల్డ్ రాజు కాలంలో అని దాదాపు ఎక్కడా అనరు. 1066 జనవరిలో ఎడ్వర్డ్ చనిపోయాక హెరాల్డ్ తొమ్మిది నెలలకు పైగా కిరీటం ధరించాడు. పుస్తకం ఆయన్ను ఎర్ల్ అనే పిలుస్తుంది. విలియం దృష్టిలో తాను ఎడ్వర్డ్‌కు నేరుగా వారసుడు, మధ్యలో వచ్చినవాడు దొంగ. మరల లెక్క రాసే గుమాస్తా కలం కూడా ఆ వాదాన్నే మోసింది.

పుస్తకం పెద్ద భాగం గొర్రె చర్మపు పత్రాల మీద, సంక్షిప్తాలతో నిండిన లాటిన్‌లో, దాదాపు అంతా ఒకే చేతి రాతలో ఉంది. విలియం 1087 సెప్టెంబర్ 9న చనిపోయాడు. మొత్తం పని పూర్తయిన రూపంలో ఆయన చూశాడా అన్నది ఇప్పటికీ వాదోపవాదాల్లో ఉంది. లండన్, వించెస్టర్ పద్దులు లేనే లేవు. వందేళ్ల తర్వాత ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నైజల్ రాసినదాని ప్రకారం, జనం దీన్ని ప్రళయకాలపు తీర్పుతో పోల్చి డూమ్స్‌డే అన్నారు. ఇందులో రాసింది తిరగరాయించడానికి వీల్లేదు కనుక.

ఇప్పుడు దాదాపు రెండు వందల ఏళ్లు ముందుకు వద్దాం. 1279లో మొదటి ఎడ్వర్డ్ అనే తర్వాతి కాలపు రాజు మళ్లీ దేశవ్యాప్త భూవిచారణ చేయించాడు. దొరలు ఏ హక్కుతో ఏం అనుభవిస్తున్నారో, రాజు హక్కులు ఎక్కడ జారిపోయాయో తేల్చడం ఆయన ఉద్దేశం. దాన్ని హండ్రెడ్ రోల్స్ అంటారు. కొన్ని షైర్లవే మిగిలాయి, అదృష్టవశాత్తూ ఎల్టన్ ఉన్న హంటింగ్‌డన్‌షైర్ అందులో ఉంది. ఒకే ఊరి మీద ఇద్దరు రాజుల రెండు లెక్కలు మన చేతిలో ఉన్నాయన్నమాట.

1279 లెక్క ప్రకారం ఎల్టన్‌లో 13 హైడ్లు. హైడ్‌కు ఆరు విర్గేట్లు, విర్గేట్‌కు 24 ఎకరాలు. అంటే ఈ ఊళ్లో హైడ్ 144 ఎకరాలు, మొత్తం 1,872 ఎకరాలు. మఠాధిపతి కమతం మూడు హైడ్లు. మిగతా పది హైడ్లు రైతుల చేతిలో ఉన్నాయి. 1086 పద్దులో పన్ను లెక్కకు వచ్చిన పది హైడ్లు, వాటికి వెలుపల ఉన్న కమతం గుర్తు తెచ్చుకోండి. రెండు శతాబ్దాలు గడిచినా ఆ గీత కదల్లేదు! కమతం మూడు హైడ్లంటే 432 ఎకరాలు, పాత నాలుగు అరకలకు పంచితే అరకకు 108 ఎకరాలు. అంకెలు ఇలా ఒకదానికొకటి అతుక్కున్నప్పుడు, 1086లో ఆ సభలో నిలబడి చెప్పినవాళ్లు ఊరి సంగతి బాగా తెలిసినవాళ్లే అన్న నమ్మకం కలుగుతుంది.

భూమి అంతే ఉంది, మనుషులు పెరిగారు. 28 మంది స్థానంలో 113 మంది భూమి పట్టిన ఇంటి పెద్దలు కనబడతారు. ఊరి జనాభా 500, 600 మధ్య ఉంటుందని అంచనా. 1086 పద్దు కొందరిని వదిలేసిందనుకున్నా ఈ పెరుగుదల పెద్దదే. పది హైడ్లను 113 మందికి పంచితే తలకు పదమూడు ఎకరాలు కూడా రావు. పంపకం సమానంగా ఉండేది కాదు కనుక, కొందరికి పూర్తి విర్గేట్, కొందరికి సగం, గుడిసెవాసులకు ఇల్లు, పెరడు. రెండు పిండిమరలకు తోడు ఉన్ని బట్టను నీళ్లలో దంచి గట్టిపరిచే మర ఒకటి వచ్చింది. అంటే ఊళ్లోనో చుట్టుపక్కలో బట్ట నేస్తున్నారు.

అన్నిటికంటే పెద్ద మార్పు, ఈసారి మనుషులకు పేర్లున్నాయి. ఎవరు స్వతంత్రుడు, ఎవరు విల్లాన్, ఎవరి చేతిలో ఎంత నేల, దానికి ఏం చెల్లించాలి అని మనిషి మనిషికీ రాశారు. పేర్లు రావడం గౌరవం వల్ల కాదు. ఈ రెండు వందల ఏళ్లలో విల్లాన్ అనే మాటకు చట్టం బిగించిన ముడి గట్టిపడింది. స్వతంత్రుడు రాజు న్యాయస్థానానికి పోగలడు. విల్లాన్ భూమి తగాదా దొర కోర్టులోనే తేలాలి. ఎవరు ఏ వర్గమో పేరుపేరునా రాయడం దొరకూ అవసరం, రాజుకూ అవసరం.

విర్గేట్ భూమి ఉన్న విల్లాన్ ఏడాదికి వంద రోజులకు పైనే కమతంలో వెట్టి చేయాలి. వారానికి ఇన్ని రోజులని లెక్క. కోతల కాలంలో అదనపు పిలుపులు వేరే. కోళ్లు, గుడ్లు కానుకగా ఇవ్వాలి. కూతురి పెళ్లికి దొరకు రుసుము కట్టాలి. ఇంటి పెద్ద చనిపోతే మంచి గొడ్డు ఒకటి మఠానికి పోవాలి. తన పంట కూడా ఎండకు పండి రాలుతున్న రోజుల్లోనే కమతం కోతకు పిలుపు వస్తుంది. వెట్టిలో అసలు బాధ రోజుల సంఖ్యలో లేదు, అవి ఏ రోజులన్నదాంట్లో ఉంది.

ఈ బాధ రాజు లెక్కల్లో వినబడదు. దానికోసం మఠం తన ఊరి కోర్టులో రాయించిన చుట్టలు చూడాలి. ఎల్టన్ చుట్టలు 1270ల చివరి నుంచి మిగిలాయి. ఆ తొలి చుట్టల్లోనే ఒక తగాదా ఉంది. మైకేల్ రీవ్ అనే ఆయన, చర్చి ఆవరణలో ఊరందరి ముందూ తనను నానా మాటలు అన్నారని ఫిర్యాదు చేశాడు. అన్నవాళ్లు రిచర్డ్ రీవ్, ఆయన భార్య, రిషర్ అనే మరొకడు. వాళ్లు అన్న మాటలను గుమాస్తా పూసగుచ్చినట్టు రాశాడు. మఠానికి చేయాల్సిన వెట్టితో నువ్వు నీ గడ్డి కోయించుకున్నావు, నీ పంట కోయించుకున్నావు, ఊరి అరకలతో నీ చేను దున్నించుకున్నావు. కొందరి వెట్టి మాఫీ చేసి, బదులుగా వాళ్ల భూమి నీకు చవకగా కౌలుకు రాయించుకున్నావు. ఉన్నవాళ్ల దగ్గర లంచం తీసుకుని వాళ్లకు కావలసినట్టు చేసి, లేనివాళ్లపై డబ్బు కట్టే భారం పడేశావు.

విచారించిన జ్యూరీ మైకేల్ తప్పు లేదంది. నింద వేసినవాళ్లకు జుర్మానా వేసి, మైకేల్‌కు పది షిల్లింగులు ఇప్పించింది. ఆయన రెండు షిల్లింగులు తప్ప మిగతాది వదిలేశాడు. నేరం రుజువు కాలేదు, సరే. కానీ ఆ నిందలను ఒక్కొక్కటిగా చూస్తే, వెట్టి వ్యవస్థ ఎక్కడెక్కడ కారిపోగలదో ఊళ్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఎంత వివరంగా తెలుసో అర్థమవుతుంది. ఎవరి రోజులు ఎవరి చేలో ఖర్చవుతున్నాయో లెక్క పెట్టుకునేది మఠం గుమాస్తా ఒక్కడే కాదు. 28 అనే అంకెలో రెండు వందల ఏళ్ల క్రితం దాక్కున్నవాళ్లు కూడా ఇలాంటి మనుషులే అయి ఉంటారు. అదే చుట్టల్లో బీరు కాచి అమ్మినందుకు జుర్మానా కట్టినవాళ్ల జాబితా వస్తుంది, వాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు. 1086 లెక్కకు కనబడని ఆడవాళ్లు ఇక్కడ పేర్లతో, వ్యాపారంతో కనబడతారు.

ఇక డూమ్స్‌డే పుస్తకంతో పల్లె జనం తామే ఏం చేశారన్నది చాలామందికి తెలియని అధ్యాయం. 1348-49 ప్లేగులో జనం భారీగా చనిపోయారు. కూలీలు కరువయ్యారు, మిగిలినవాళ్ల చేతికి బేరమాడే బలం వచ్చింది. దొరలు పాత వెట్టిని పాత పద్ధతిలోనే పిండాలని చూశారు. అప్పుడు దక్షిణ ఇంగ్లండ్ పల్లెల్లో ఒక మాట పాకింది. 1066కు ముందు పాత ఎడ్వర్డ్ రాజు నాడు స్వయంగా రాజు చేతిలో ఉన్న ఊళ్లలో రైతులకు ప్రత్యేక రక్షణ ఉందని, దొర కొత్త భారాలు మోపడానికి వీల్లేదని చట్టంలో ఒక సూత్రం ఉంది. ఏ ఊరు రాజుదో తేల్చే సాక్ష్యం డూమ్స్‌డే పుస్తకం ఒక్కటే. 1376-77లో సర్రే, హాంప్‌షైర్, విల్ట్‌షైర్ వంటి చోట్ల కనీసం 40 ఊళ్ల జనం చందాలు వేసుకుని, రుసుము కట్టి, తమ ఊరి పద్దుకు ముద్ర వేసిన నకలు రాజు కార్యాలయం నుంచి తెచ్చుకున్నారు. తెచ్చుకుని వెట్టికి రామన్నారు.

చదువు రాని రైతులు, లాటిన్‌లో ఉన్న నాలుగు పంక్తులను డబ్బు పెట్టి కొని, తమ పూర్వీకుల స్వేచ్ఛకు అది పత్రమని నమ్మారు. వాళ్లను పిండడానికి తయారైన పుస్తకం నుంచే రక్షణ రాబట్టాలని చూశారు. ఈ అధ్యాయం నన్ను ఎంతో కదిలిస్తుంది. ఆ పద్దులో తమ తాతలు ఒట్టి అంకెలని వాళ్లకు తెలుసో తెలియదో కానీ, ఆ అంకె పక్కన ఎవరి పేరుందో, అది రాజుదో దొరదో, దాని మీదే తమ బతుకు ఆధారపడి ఉందని మాత్రం బాగా తెలుసు.

దొరలు బెదిరిపోయి 1377 పార్లమెంటులో ఫిర్యాదు చేశారు. ఈ నకళ్లు విల్లాన్లకు దొరల మీద ఏ విధంగానూ పనికిరావని ఆ పార్లమెంటు చట్టం చేసింది. నాలుగేళ్లకు, 1381లో, తూర్పు, ఆగ్నేయ ఇంగ్లండ్ రైతులు తిరగబడ్డారు. అప్పుడు చాలాచోట్ల జనం ముందుగా కాల్చింది దొరల కోర్టు చుట్టలనే.

ఎల్టన్ జనం చందా వేసుకుని నకలు తెచ్చుకుని ఉన్నా, ఆ చట్టం రాకముందు కూడా, వాళ్లకు దాంతో లాభం ఉండేది కాదు. వాళ్ల పద్దు రామ్‌సే మఠాధిపతి పేరుతో మొదలవుతుంది. ఎడ్వర్డ్ రాజు నాటికే ఊరు మఠానిది. డేన్ దొర తాగిన మత్తులో ఒప్పుకున్నాడన్న బేరం మూడు వందల ఏళ్లు దాటాక వాళ్లను చట్టం రక్షణకు వెలుపల నిలబెట్టింది.